ఆరో ప్రశ్నకు ఊరంతా అవునంది

నా ఉద్యోగ జీవితంలో ఒకసారి ఊరు ఊరంతటికీ మతి సరిగా లేదని రాసిచ్చాను. అందులో ఒక్క అబద్ధం లేదు. అడగమన్నవన్నీ అడిగాను, వాళ్ళు చెప్పినవన్నీ చెప్పినట్టే నమోదు చేశాను, చివర నా వేలితోనే 'పంపించు' అన్న మీట నొక్కాను. ఈ ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికొచ్చి, "మీ అనుభవాలు చెప్పండి మేడమ్" అంటారు. కాన్పుల గురించీ, వరదలో వాగులు దాటడం గురించీ చెబుతానని వాళ్ళ ఆశ. అవి అందరి దగ్గరా ఉంటాయి. నా దగ్గర ఇది ఉంది.

రిటైరు కావడానికి రెండేళ్ళ ముందు నన్ను గూడెం కొత్తవీధి వైపు కొండల్లోకి బదిలీ చేశారు. ఏఎన్ఎంగా చేరి సూపర్‌వైజరు దాకా వచ్చినదాన్ని. మాది కురుపాం దగ్గర. మిషన్ చర్చి గోడకు ఆనుకునే మా ఇల్లు. కొండభాష రాదు గానీ, కొండవాళ్ళ తెలుగు నాకు కొత్త కాదు. అక్కడ నాతో తిరిగే హెల్త్ అసిస్టెంటు ఒకతను ఉండేవాడు. బండి బాగా నడిపేవాడు, ఫారాలు అంతకంటే వేగంగా నింపేవాడు. నాకంటే పదేళ్ళు చిన్న. అక్కా అని పిలిచేవాడు.

ఒకరోజు మమ్మల్ని పిలిచి, బయటి సంస్థ ఒకటి మనసు ఆరోగ్యం మీద సర్వే చేయిస్తోంది, ఇంటింటికీ తిరిగి అడిగే పని మీది అన్నారు. చేతికొక ట్యాబ్ ఇచ్చారు. రెండు రోజులు శిక్షణ. శిక్షణ ఇచ్చినాయన నియమాలు బోర్డు మీద రాశాడు. ప్రశ్న ఉన్నది ఉన్నట్టు చదవాలి. జవాబు ఆ మనిషే చెప్పాలి. పక్కవాళ్ళను మాట్లాడనివ్వకూడదు. మీ సొంత ఆలోచన కలపకూడదు. ఆ చివరి నియమం నాకు చాలా హాయిగా అనిపించింది. ముప్పై ఏళ్ళు ఆలోచించి అలసిపోయి ఉన్నాను.

ప్రశ్నలన్నీ అడగ్గానే ట్యాబే రంగు చూపిస్తుంది. ఆకుపచ్చ వస్తే బాగున్నట్టు. పసుపు వస్తే ఓ కన్నేసి ఉంచాలి. ఎరుపు వస్తే డాక్టరు చూడాలి.

నేను చెప్పే ఊరు రోడ్డు ఆగిపోయిన చోటి నుంచి గంట నడక. కాఫీ తోటల్లోంచి దారి. అప్పటికి కాయ ఇంకా పచ్చిగానే ఉంది. ఆ ఊరి ఆశా కార్యకర్త మాకు ఎదురొచ్చింది. ఆమె అక్కడి కోడలే. భాష రానివాళ్ళకు ప్రశ్న అటూ జవాబు ఇటూ మార్చి చెప్పాల్సింది ఆమే.

మొదటి ఇంట్లో ఒక ముసలామె. నిద్ర, ఆకలి, తలనొప్పి, దిగులు, ఏడుపు, ఈ అయిదు ప్రశ్నలూ సాఫీగా దాటిపోయాయి. ఆరోది చదివాను. దగ్గర ఎవరూ లేనప్పుడు మీకు మాటలు వినిపిస్తాయా?

"ఎందుకినపడవు? పొద్దున్నోపాలి, పొద్దుగూకినాక ఓపాలి" అంది.

"ఎవరివి?"

"మా ఆయనవి. కట్టెలు తడిసిపోతన్నాయి, లోపలెట్టుకోయే అంటాడు."

"ఆయన ఇప్పుడెక్కడున్నాడు?"

"సచ్చిపోనాడు" అని, ఇంత చిన్న విషయం అర్థం కాలేదా అన్నట్టు నన్ను చూసింది.

ఏడో ప్రశ్న, కంటికి కనిపించనివాళ్ళెవరైనా మిమ్మల్ని ఫలానా పని చెయ్యమంటారా అని.

"ఇప్పుడే కదా సెప్పేను, కట్టెలని" అంది.

ట్యాబ్ ఎర్రబడింది.

రెండో ఇంటాయనకు ఏ పోడులో సామలు చల్లాలో కొండే చెబుతుంది. మూడో ఇంటావిడకు చనిపోయిన తల్లి కల్లోనూ మెలకువలోనూ కూడా పిల్లల జబ్బులకు ఆకులు చెబుతుంది. ఆ ఆకుల పేర్లు కూడా రాసుకోమంది. ట్యాబ్‌లో చోటు లేదన్నాను. పై వీధిలో కొన్ని ఇళ్ళవాళ్ళు చర్చికి వెళతారు, అక్కడైనా ఎరుపు తగ్గుతుందనుకున్నాను. అక్కడ ఆరో ప్రశ్న పూర్తిగా చదవనివ్వలేదు. "దేవుడికి స్తోత్రం సిస్టరమ్మా, వినపడతాయి" అన్నారు. కింద వీధీ పై వీధీ పండగల దగ్గర నుంచి పాడె మోసే పద్ధతి దాకా దేనికీ ఒప్పుకోవు. ఆరో ప్రశ్న దగ్గర మాత్రం రెండూ ఒకే మాట మీద నిలబడ్డాయి.

నాకు మా అమ్మ గుర్తొచ్చింది. ఈరోజు ప్రభువు నాతో మాట్లాడాడు అని అమ్మ చెప్పని ఉదయం లేదు. ఇంటికి సున్నం ఎప్పుడు వేయించాలో కూడా ఆయనే చెప్పేవాడు. మా అమ్మను ఈ ప్రశ్న అడిగి ఉంటే ఎర్రరంగే వచ్చేది. ఆవిడ అయిదుగురిని పెంచింది, ఊళ్ళో సగం తగువులు తీర్చింది, మా అందరికంటే తిన్నగా బతికింది. ఈ మాటలన్నీ తలలోకి వచ్చాయి. సొంత ఆలోచన కలపకూడదన్న నియమం కూడా వచ్చింది. మీట నొక్కాను.

మధ్యాహ్నానికి హెల్త్ అసిస్టెంటు నన్ను పక్కకు పిలిచాడు.

"అక్కా, ఆరుకీ ఏడుకీ అందరికీ లేదని కొట్టీండి. బేగి దిగిపోదుం. మబ్బట్టేసింది."

"అబద్ధం రాయనురా నేను."

"నిజం రాత్తే ఏటవుద్దో మీరే సూత్తారు" అన్నాడు. వాగు అవతలి నాలుగిళ్ళు తన వంతు, అవి అప్పటికే అయిపోయాయి. అన్నీ ఆకుపచ్చే.

అన్నిటికంటే చివరన, కాఫీ తోట వారన ఒక ఇల్లు ఉంది. అందులో ముప్పై, ముప్పై అయిదేళ్ళ ఆవిడ ఒక్కతే ఉంటోంది. భర్త ఏడాది కిందట జీలుగు చెట్టు మీద నుంచి కల్లు దింపుతూ పడి చనిపోయాడట. అడుగుపెట్టగానే నాకు నచ్చిన ఇల్లది. చిమ్మిన వాకిలి, ఖాళీ పొయ్యి, బోర్లించిన గిన్నెలు. ఆవిడ గోడకు ఆనుకుని కూర్చుని నేను అడిగిన ప్రతిదానికీ "లేదు" అంది. నిద్ర పట్టకపోవడం ఉందా? లేదు. దిగులుగా ఉంటోందా? లేదు. ఏడుపొస్తోందా? లేదు. మాటలు వినిపిస్తాయా? లేదు.

ఆశా నా మోచెయ్యి తాకింది. "సిస్టరమ్మా, ఈమె కొద్దిగా..."

"జవాబు ఆమే చెప్పాలి. నువ్వు చెప్పకూడదు" అన్నాను.

ఆశా చెయ్యి తీసేసింది. ట్యాబ్ ఆకుపచ్చ చూపించింది. నా వంతులో ఆరోజు వచ్చిన ఒకే ఒక ఆకుపచ్చ. నాకు ప్రాణం లేచొచ్చినట్టయింది. లేస్తూ లేస్తూ ఆవిడ భుజం తట్టి, "ఊరు మొత్తానికి నువ్వొక్కదానివే బాగున్నావమ్మా" అన్నాను.

ఆ మాట నేను ఎవరితో ఎప్పుడు అన్నానో తలచుకుంటే, ఇప్పటికీ ఏదో ఒక పని కల్పించుకుని లేచి వెళ్ళిపోతాను.

కాయ పండి కోతలు మొదలయ్యాక పైనుంచి ఫోన్ వచ్చింది. పటంలో మీ ఊరు ముద్దగా ఎర్రగా కనిపిస్తోంది, మానసిక వైద్యుల డాక్టరును పంపుతున్నాం, మీరు తీసుకెళ్ళండి అన్నారు. హెల్త్ అసిస్టెంటు నా వైపు ఓసారి చూసి బండి తుడుచుకున్నాడు.

వచ్చిన డాక్టరు చిన్నపిల్ల. చదువు అయిపోయి ఎక్కువ కాలం కాలేదు. మందుల పెట్టెలు ఇద్దరు మోయాల్సినన్ని తెచ్చింది. గంట నడిచి ఊరు చేరేసరికి జనం కోతలు మానుకుని బడి ముందు కూర్చుని ఉన్నారు. వాళ్ళకు కోపం లేదు. తమకు ఏం వచ్చిందో వినాలని కుతూహలంగా ఉన్నారు. అందరికంటే ముందు దిసారి కూర్చున్నాడు. విత్తనానికీ పెళ్ళికీ రోజు చూసే పెద్దాయన. ఆ ఊళ్ళో ఎవరికి బాగాలేకపోయినా ముందు కబురు వెళ్ళేది ఆయనకే, మాకు తర్వాత.

డాక్టరు నలుగురైదుగురితో మాట్లాడింది. తింటున్నారు, పడుకుంటున్నారు, పనిచేస్తున్నారు, నవ్వుతున్నారు. ఆమె నా వైపు చూసింది. నేను కాఫీ మొక్కల వైపు చూశాను.

అప్పుడు దిసారి, ఇన్ని ప్రశ్నలు మమ్మల్ని అడిగారు, మేమూ ఓటి అడగొచ్చా అన్నాడు. అడగమంది డాక్టరు.

"నీకు మీవోళ్ళు మాటాడరా అమ్మా? సచ్చిపోయినోళ్ళు?"

"లేదు తాతా."

"ఒక్కలు కూడానా?"

"మా నాన్నమ్మ పోయింది. ఆవిడ కూడా మాట్లాడదు."

ఆయన ముందుకు జరిగి ఆమె మొహాన్ని జాలిగా చూశాడు. "ఎన్నాళ్ళ నుంచి ఇలాగుంది?"

జనంలో ఎవరూ నవ్వలేదు. నేను కూడా పెదవి బిగపట్టుకున్నాను.

"మొదటి నుంచీ ఇంతే" అంది డాక్టరు.

"నిద్దర పడతందా?"

ఆమె అబద్ధం చెప్పలేదు. "సరిగా పట్టదు" అంది.

దిసారి తల పంకించాడు. మేం తల పంకించే పద్ధతే అది. ఆయన ఎక్కడ నేర్చుకున్నాడో తెలియదు.

డాక్టరుకు ఆ ధోరణి నచ్చినట్టుంది. పుస్తకం మూసి పక్కన పెట్టింది. "మరి తాతా, మీలో ఎవరికైనా ఆ మాటలు ఆగిపోతే?"

"ఆగిపోతే బేగి సూసుకోవాల" అన్నాడాయన. "ఇంట్లో జనముంటారు, ఊర్లో జనముంటారు, అయినా మడిసి ఒక్కడయిపోతాడు. కూడు సయించదు. ఏడుపూ రాదు. ఆ ఏడుపు రాకపోవడానికే బయపడాల."

తోట వారన ఇంట్లో ఆ ప్రశ్నలు అడిగిన గొంతు నాదే, ఆ జవాబులు విన్న చెవులు నావే. లేదు, లేదు, లేదు. లేచి నిలబడి జనంలో వెతికాను. ఆవిడ లేదు.

"తోట వారన ఇంటావిడ రాలేదేం?" అని ఆశాను అడిగాను.

"కోతలకెల్లుంటాది" అంది ఆశా. వెంటనే మొహం మార్చుకుని, "పొద్దున్నే మా ఇంటికొచ్చింది సిస్టరమ్మా. కోళ్ళన్నీ గంపలో తెచ్చి నాకిచ్చేసింది. ఎందుకే అంటే, నువ్వు బాగా సూత్తావు అంది."

అప్పటిదాకా ఆ ఊరి విషయాల్లో డాక్టరుకు ఒక్కటీ తెలియదు. ఈ ఒక్కటి మాత్రం మా అందరికంటే ముందు ఆమెకు తెలిసింది. "ఇల్లు ఎటు?" అంటూ లేచింది. చెప్పులు కూడా వేసుకోలేదు.

ఇంట్లో లేదు. ఆశా ముందు, డాక్టరు వెనక, దిసారి ఆ వయసులో మా కంటే ముందు, తోటలోంచి కిందికి పరుగెత్తాం. వాలు దిగాక, ఆవిడ భర్త పడిన ఆ జీలుగు చెట్టు ఉంది. దాని మొదట్లో ఆవిడ కూర్చుని ఉంది. ఒళ్ళో భర్త చెట్టెక్కే తాడు.

నేను వెళ్ళి పక్కన కూలబడ్డాను. "ఏటి సేత్తన్నావమ్మా ఇక్కడ?" అన్నాను. శిక్షణలో చెప్పిన భాష ఎటుపోయిందో, మా కురుపాం మాటే వచ్చింది.

"ఏటీ లేదు."

"భయమేస్తందా?"

"లేదు."

అవే లేదులు. మూడు నెలల కిందట వాటిని సంతోషంగా నొక్కాను. "నేను తప్పు రాసేనమ్మా" అన్నాను. "నువ్వు బాగున్నావని రాసేను. నువ్వు బాగోలేవు."

ఆవిడ నా వైపు తిరిగింది. దిసారి ఎదురుగా గొంతుక్కూర్చుని చెయ్యి చాపాడు. "ఆ తాడు నాకియ్యి. పురి ఊడిపోయింది. అల్లిపెడతాను."

ఆవిడ ఇవ్వలేదు గానీ, మాట్లాడింది. "అందరికాడికీ వత్తన్నాడంట. తమ్ముడి కల్లోకొచ్చి పొగాకడిగేడంట. ముసిల్దాయికి కూడా కనిపించేడంట. నాకాడికి రాడు." తాడును ఇంకా దగ్గరికి లాక్కుంది. "ఆవేళ పొద్దున్న, తాగొచ్చేవంటే ఈ ఇంటికి రావొద్దన్నాను. ఎప్పుడూ నా మాటినలేదు. ఆ మాటొక్కటే ఇన్నాడు."

ఆవిడ చేతుల్లోంచి తాడు దిసారి చేతుల్లోకి ఎప్పుడు మారిందో నేను గమనించలేదు.

"నేనూ తప్పు సేసేను" అన్నాడాయన నెమ్మదిగా. "నాకు తెలుసు. కోతలయ్యాక కూకోబెట్టి ఆ మాట ఎనక్కి తీయిద్దామనుకున్నాను. పంట సూసుకున్నాను."

డాక్టరు ఆవిడ చెయ్యి పట్టుకుని నాడి చూస్తూ, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి, తిండీ నిద్రా ముందు దారిలో పడాలి, మాత్రలు మొదలుపెట్టాలి అంది. దిసారి ఆ మాత్రల సంగతి తేల్చుకోకుండా కదలనివ్వలేదు.

"ఈ మందు మాటలు రాకుండా సేసేదా, వచ్చేలాగ సేసేదా?"

ఇలాంటి ప్రశ్నకు ఏం చెప్పాలో ఏ శిక్షణలోనూ చెప్పరు. డాక్టరు ఆవిడ చెయ్యి వదల్లేదు. "నిద్రొచ్చేలా చేసేది తాతా" అంది. "నిద్రొస్తే కలలొస్తాయి. అటుపైన నా చేతిలో లేదు."

"అది నేను సూసుకుంటాను" అన్నాడాయన. బేరం కుదిరింది. ఇద్దరు వైద్యులు అంత తొందరగా ఒప్పుకోవడం నా ఉద్యోగంలో అదొక్కసారే చూశాను.

ఆవిడను మంచం మీద మోసుకుని రోడ్డు దాకా తెచ్చారు. ఆశా వెంట ఉండి రెండు వారాలు ఆసుపత్రిలోనే పడుకుంది. కోళ్ళను ఆశా భర్త చూసుకున్నాడు. తిరిగొచ్చాక దిసారి చేయాల్సింది చేశాడు. నేను దూరంగా కూర్చున్నాను, నన్నెవరూ లేవమనలేదు. ఆవిడ ఒక మాటను మూడుసార్లు గట్టిగా పలికింది. ఏమందని ఆశాను అడిగితే, "రమ్మంది" అని చెప్పింది. పై వీధి వాళ్ళు ఆరోజు అటు రాలేదు గానీ, ఆదివారం తమ పద్ధతిలో ఆవిడ కోసం ప్రార్థన చేశారట. పదిహేను రోజులకోసారి మాత్రలు తీసుకెళ్ళడం నా వంతు.

ఈలోగా నాకొక మెమో వచ్చింది. ఎరుపు చూపినవాళ్ళలో ఒక్కరికీ వైద్యం జరగలేదు, ఆకుపచ్చ చూపిన మనిషికి మాత్రం జరిగింది, మీ నమోదుకూ జరిగినదానికీ పొంతన లేదు, సంజాయిషీ ఇవ్వండి అని. ఉన్నది ఉన్నట్టు నాలుగు పేజీలు రాశాను. ఒక పేజీకి కుదించమన్నారు. కుదించాను. అది చదివి ఎవరికీ ఏమీ అర్థం కాలేదు, దాంతో ఆ వ్యవహారం ముగిసింది.

"అందరికీ లేదని కొట్టుంటే ఇదంతా ఉండేది కాదక్కా" అన్నాడు హెల్త్ అసిస్టెంటు.

నిజమే. మెమో వచ్చేది కాదు. డాక్టరు కూడా వచ్చేది కాదు. ఆవిడ చెప్పిన 'లేదు', అన్ని లేదుల మధ్య ఇంకో లేదుగా ఉండిపోయేది. ఈ మాట అతనితో అన్నాను. ఆ తర్వాత అతను ఫారాలు నెమ్మదిగా నింపడం మొదలుపెట్టాడని చెప్పాలనుంది. అలా ఏమీ జరగలేదు. ప్రతి ఇంట్లోనూ, పొద్దున్న ఏం తిన్నారని అడగడం మాత్రం మొదలుపెట్టాడు. అది ఏ ఫారంలోనూ లేదు.

ఇప్పటి పిల్లలు ఫోనులో పది ప్రశ్నలకు జవాబు నొక్కి తమకేం జబ్బో తెలుసుకుంటున్నారు. మా ఇంటికొచ్చే పిల్లల్లో ఒకమ్మాయి తనకు వచ్చిన రంగు నాకు చూపించింది కూడా. మా చిన్నప్పుడు మనిషికి దయ్యం పట్టిందనేవాళ్ళు, ఇప్పుడు స్ట్రెస్ పట్టిందంటున్నారు. పట్టడం మాత్రం మానలేదు. దయ్యమన్న రోజుల్లో ఎవరి దయ్యం, దానికేం కావాలి అని కనీసం అడిగేవాళ్ళు. అడిగి వేపమండలతో కొట్టేవాళ్ళు కూడా, అది మరిచిపోను. పాతదంతా మంచిదని నేనెప్పుడూ అనలేదు. మాత్రలు లేకపోతే ఆవిడ ఉండేది కాదు. అయితే ఊరంతటికీ వినపడేది ఒక మనిషికి వినపడటం లేదన్న సంగతి కనిపెట్టడానికి, ముందు ఆ ఊరికి ఏం వినపడుతుందో తెలియాలి. నేను అబద్ధం రాయలేదని గర్వంగా ఉండేదాన్ని. అబద్ధం రాయకపోవడం, నిజం రాయడం ఒకటే అనుకున్నాను. అవి రెండూ వేరని యాభై ఎనిమిదేళ్ళ వయసులో తెలుసుకోవడం కొంచెం ఆలస్యమే.

రిటైరయ్యే నెలలో ఆఖరిసారి ఆ ఊరు వెళ్ళాను. ఆవిడ ఇంటి ముందు నిచ్చెన వేసి ఉంది. పైకప్పు మీద కూర్చుని పగిలిన పెంకులు కిందికి విసురుతోంది. నన్ను చూసి, పక్కకు జరగమని అరిచింది. గొంతు అంత పెద్దదని నాకు అప్పటిదాకా తెలియదు.

"ఏటిది, ఈ ఎండలో?" అన్నాను.

"ఆయనొచ్చేడు సిస్టరమ్మా, మొన్న తెల్లారగట్ల. కల్లోకి." చేతులు దులుపుకుంది. "సంవత్సరం దాటి వచ్చినోడు ఏటన్నాడో తెలుసా? ఇల్లు కారతంది, కళ్ళు కనపడవా అని నన్ను తిట్టేడు."

"నువ్వేమన్నావు?"

"నువ్వు కప్పిందే కదా, అందుకే కారతందన్నాను. మాటకి మాట. తెల్లారేదాకా దెబ్బలాడుకున్నాం." అలా చెబుతూనే ఏడ్చింది. ఏడుస్తూనే ముక్కు చీది, "ఆ పెంకులిలాగందియ్యండి" అంది.

సంచి గోడకు ఆనించి, చీర కొంగు దోపుకుని, పొద్దు వాలేదాకా పెంకులు అందించాను. ఆరోజు టూరు డైరీలో 'గృహ సందర్శన, ఒకటి' అని రాశాను.